జీపు ట్రాలీ మీద పడకగది: ఆరు నెలల పని, 170 కిలోల తప్పు

గుణుపురంలో ఒక కాంట్రాక్టర్ గారి గోదాం వెనక ఆ ట్రాలీని మొదటిసారి చూసింది 2024 జులై 14, ఆదివారం. ఆయన నీళ్ళ మోటారు వైండింగ్ కాలిపోతే విప్పి తీసుకురావడానికి వెళ్ళాను. ఒడిశాలోని రాయగడలో నాది మోటారు వైండింగ్ షాపు. వేపచెట్టు కింద పాత జీపు ట్రాలీ ఒకటి పడి ఉంది, అందులో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్నాయి. ఆరడుగుల పొడవు, నాలుగడుగులకి కాస్త తక్కువ వెడల్పు, రెండు చక్రాలు, కింద కమాన్ కట్టలు. జేబులో టేపు ఉంది కదా అని కొలిచి, "ఇది అమ్ముతారా?" అని అడిగేశాను. ఏదో ఆ నిమిషంలో పుట్టిన బుద్ధి అని చెబితే అబద్ధం అవుతుంది. రెండేళ్ళుగా రాత్రుళ్ళు ఫోన్‌లో క్యాంపర్ బండ్ల, అంటే లోపలే పడుకుని వండుకునే బండ్ల వీడియోలే చూస్తున్నాను. మావాడు హాస్టల్‌కి వెళ్ళిపోయాక ఇంట్లో ఇద్దరమే. చలికాలం కొరాపుట్ కొండల వైపు వెళ్దామంటే డిసెంబర్‌లో లాడ్జిలో గది దొరకదు, దొరికినా దుప్పటి ఇంటి నుంచే తీసుకెళ్ళాలి.

18,000కి బేరం కుదిరింది. పాత రేకు పెట్టెలోంచి ఆర్సీ పుస్తకం కూడా తీసి ఇచ్చారు. ఓఆర్ 18 నంబరు, 1998 రిజిస్ట్రేషన్. ఆ పుస్తకం లేకపోతే నేను కొనేవాణ్ణి కాదు. చక్రాలు విప్పి పికప్‌లో ఎక్కించి తీసుకొచ్చేసరికి కిరాయి 3,000. ఇంటి ముందు దించుతుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి, "కోళ్ళు దిగాకేనా మనం ఎక్కేది?" అంది.

ఇలాంటి పని పెట్టుకునేవాళ్ళకి ముందుగా ఒక మాట. కాయితాలు తేలకముందు ఇనుము కోసే గ్రైండర్ ముట్టుకోకండి. నా చేతులు దురద పెట్టినా ఆగాను కాబట్టి బతికిపోయాను. పేరు మార్పిడికి ఫారం 29, 30, ఎప్పుడో గడువు తీరిన రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కి ఫారం 25 కలిపి జులై 22న పెట్టాను. ఆగస్టు 6న ఇన్‌స్పెక్టర్ గారు ట్రాలీ చూశారు. ఛాసిస్ మీద పొడిచిన నంబరు తుప్పు కింద కనబడలేదు. కిరసనాయిలు గుడ్డతో, టూత్‌బ్రష్‌తో అరగంట రుద్దితే ఒక్కో అంకె బయటపడింది. మూడో, ఎనిమిదో తేలక నాకు చెమటలు పట్టాయి. ఎనిమిదే. కొత్త ఆర్సీ చేతికొచ్చింది ఆగస్టు 28న, సరిగ్గా 37 రోజులకి. పాత పన్ను బాకీ, జరిమానా, ఫీజులు, తిరుగుళ్ళు అన్నీ కలిపి 7,400.

చూసిన రోజే ఇన్‌స్పెక్టర్ గారిని అసలు సంగతి అడిగాను. దాచి చేసే పని కాదు కదా. ట్రాలీ తొట్టిని కోసి రూపం మార్చేస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందకి వస్తుందని, ఆర్సీలో ఉన్న వివరాలు మారితే ముందే అనుమతి కావాలని చెప్పారు. తొట్టి జోలికి పోకుండా, దించడానికి వీలుగా పైన పెట్టెలాంటిది చేసి బోల్టులతో బిగించుకుంటే దాన్ని సరుకు లెక్కన చూస్తానన్నారు. "బరువు మాత్రం దాటకూడదు" అని రెండుసార్లు అన్నారు. ఇది ఆయన నోటిమాటే, చేతికి కాయితమేమీ ఇవ్వలేదు. మీ ఊళ్ళో ఇంకొకాయన ఇంకోలా అనొచ్చు, అడిగాకే మొదలుపెట్టండి. ఆర్సీలో ఖాళీ బరువు 260 కిలోలు, సరుకుతో కలిపి 760 అని ఉంది. నేను చదివాను, తల ఊపాను, మడిచి బీరువాలో పెట్టాను.

ఆగస్టు 30న వెల్డర్ దగ్గరికి ట్రాలీ చేరింది. ఒడియా కుర్రాడు, నన్ను భాయినా (అన్నయ్యా) అంటాడు, తెలుగు మనకంటే వేగంగా మాట్లాడతాడు. ముందు కింద భాగం చూశాం. కమాన్ పట్టీల్లో రెండు విరిగి ఉన్నాయి, చక్రాల హబ్‌లో బేరింగులు నీలం రంగుకి తిరిగిపోయాయి. ఒక్కటే అదృష్టం కలిసొచ్చింది. నా బొలెరో స్టెప్నీ తెచ్చి ఆ హబ్‌కి పెడితే అయిదు బోల్టులూ కొలిచి చేసినట్టు కూర్చున్నాయి. దాంతో ట్రాలీకి కూడా బొలెరో డిస్కులే వేశాను, రెండింటికీ ఒకే స్టెప్నీ సరిపోతుంది. కొత్త టైర్లు రెండూ 9,600, కమాన్ పట్టీల పని 6,500.

పైన పెట్టె అయిదడుగుల వెడల్పు, ఆరున్నర పొడవు, లోపల నాలుగడుగుల ఎత్తు అనుకున్నాం. కూర్చోవచ్చు, పడుకోవచ్చు, నిలబడటం ఉండదు. చక్రాల మీదుగా అటూ ఇటూ బయటికి వస్తుంది. వెనక డిక్కీలా పైకి లేచే మూత, దాని కింద వంటింటి బల్ల. నేను ఇంచు పైపు అన్నాను. వెల్డర్, "భాయినా, మనది ఘాట్ రోడ్డు. ఇంచున్నర పైపు, పద్నాలుగు గేజ్ వేద్దాం. పదేళ్ళు కదలదు" అన్నాడు. నాకూ నచ్చింది. గట్టిగా ఉంటే తప్పేముంది అనుకున్నాను.

సెప్టెంబర్ 8, 9 తేదీల్లో వాయుగుండం వాన పట్టింది. షెడ్డులో ప్లైవుడ్ దొంతర మీద బరకం కప్పాను గానీ, కింద ఇటుకలు పెట్టలేదు. నీళ్ళు నేల మీదుగా వచ్చాయి. నీళ్ళకి తట్టుకునే 710 మార్కు ఉన్న షీట్లు తడిసి ఆరిపోయాయి, ఏమీ కాలేదు. డబ్బులు కలిసొస్తాయని వాటితోపాటు తెచ్చిన రెండు మామూలు కమర్షియల్ షీట్లు మాత్రం అంచుల్లో ఉబ్బి, పాత లెక్కల పుస్తకంలా పొరలు పొరలుగా విచ్చుకున్నాయి. మిగిల్చింది 1,800, పోయింది రెండు షీట్లు.

సెప్టెంబర్ 17 విశ్వకర్మ పూజ. ఒడిశాలో ఆ రోజు ఏ షెడ్డులోనూ వెల్డింగ్ రాడ్డు ముట్టించరు. ఇక్కడ ముందు రోజు అలంకరణ, తరవాతి రోజు నిమజ్జనం, ఆ మర్నాడు నిద్ర. అలా నాలుగు రోజులు. ఫోన్ చేస్తే వెల్డర్ ఎత్తడు. కోపంగా వెళ్ళాను. చూస్తే విగ్రహం పక్కనే నా ఫ్రేము, దానికో బంతిపూల దండ, రెడాక్సైడ్ మీద కుంకుమ బొట్టు. ఏమంటాం? ప్రసాదం తిని వచ్చేశాను.

తరవాత చెక్కపని. బొబ్బిలి దగ్గర్నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పెద్దాయన ఒకరున్నారు, రాయగడలో సగం ఇళ్ళ తలుపులు ఆయన చేసినవే. నేను ఆరు ఎమ్ఎమ్ షీటు గోడలకి చాలదా మేస్త్రి గారూ అంటే నావైపు జాలిగా చూశారు. "ఆరు ఎమ్ఎమ్మా? అది ఫొటో ఫ్రేము ఎనకాతల ఏసీదండి బాబూ." పన్నెండు ఎమ్ఎమ్ వేశారు. గోడలకి, పైకప్పుకి, అడుగుకి, అన్నింటికీ అదే. వంటబల్ల కింద మూడు సొరుగులు, సన్‌మైకా, ఇత్తడి పిడులు. పని చూస్తే కళ్ళు చెదిరేవి. దసరాకి పదకొండు రోజులు ఆగి, అక్టోబర్ 19 శనివారానికి పెట్టె పూర్తయింది. బయట అల్యూమినియం పొరలున్న ఏసీపీ షీటు, లోపల థర్మాకోల్, నా షాపులోంచి 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ. వీధి వీధంతా వచ్చి చూశారు. మా బావ పార్వతీపురం నుంచి వచ్చి గోడ మీద గుద్ది చూసి, "ఏటి బావా, బండి కట్టావా, బేంకు లాకరు కట్టావా?" అన్నాడు. అందరం నవ్వాం. ఆ మాట నాకు అప్పుడే గుచ్చుకోవాల్సింది.

మర్నాడు ఉదయం ఊరికే ఒక సరదాకి రైస్ మిల్లు కాటాకి తీసుకెళ్ళాను. ఇంకా ధాన్యం రాలేదు, కాటా ఖాళీగా ఉంది. ట్రాలీని ఎక్కించి బొలెరో ఊడదీశాను. కిటికీలోంచి కుర్రాడు "సరుకేంటండి?" అన్నాడు. "ఇల్లు" అన్నాను గొప్పగా. చీటీ చేతికిచ్చాడు. 790.

యాభై రూపాయలిచ్చి చీటీ మళ్ళీ చూశాను. ఏడు వందల తొంభై. నీళ్ళు పోయలేదు, పరుపు వేయలేదు, గ్యాసు లేదు, గిన్నెలు లేవు, బట్టలు లేవు. ఆర్సీలో ఉన్న 760 ఆ నిమిషంలో గుర్తొచ్చింది. నాకు కరెంటు తెలుసు, ఏ వైరు ఎన్ని ఆంప్స్ మోస్తుందో నిద్రలో లేపినా చెబుతాను. ఇనుము ఎంత తూగుతుందో, చెక్క ఎంత తూగుతుందో ఒక్కసారి కూడా లెక్క వేసుకోలేదు. మూడు నెలల పనిలో ప్రతి ఒక్కరూ నా మేలు కోరే కాస్త కాస్త కలిపారు. వద్దని ఒక్కరికీ చెప్పనివాణ్ణి నేను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండింటికి లేచి నోట్‌బుక్ తీశాను. పన్నెండు ఎమ్ఎమ్ షీటు ముక్కని, మనుషులు బరువు చూసుకునే బాత్‌రూం కాటా మీద తూచి లెక్క కడితే ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కోటి 25 కిలోలు. ఏడు షీట్లు వేశాం. ఇంచున్నర పైపు ఆరు మీటర్లది పదమూడు కిలోల పైనే, తొమ్మిది పైపులు. అంటే ట్రాలీ లేకుండానే ఫ్రేము, చెక్క కలిపి మూడు వందల కిలోలకి దగ్గర. బ్యాటరీ 58. ఇన్వర్టర్ బ్యాటరీని షాపులో ఇరవయ్యేళ్ళుగా ఎత్తి దింపుతున్నాను, నడుం పట్టేసిన రోజులున్నాయి. దాన్ని తెచ్చి బండిలో పెట్టుకున్నాను చూడండి. మా ఆవిడ నిద్రలోంచి లేచి వచ్చి నోట్‌బుక్ చూసి, "అమ్మేసి ఎవరికైనా కిళ్ళీ కొట్టు పెట్టుకోమందాం" అంది. ఆవిడ ఎగతాళికి అన్నదో నిజంగా అన్నదో నాకు ఇప్పటికీ తెలీదు. నేను మాత్రం తెల్లారేదాకా అదే ఆలోచించాను.

మేస్త్రి గారికి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. గోడలు విప్పాలి అనగానే ఆయన మొహం మాడిపోయింది. "నలభై ఏళ్ళ సర్వీసులో తలుపు బరువుందని నన్ను తిట్టినోడివి నువ్వొక్కడివే బాబూ" అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. రెండు రోజులు నేనే విప్పుదామని కూర్చున్నాను. ఫెవికాల్ పెట్టి స్క్రూలు బిగించిన పనితనం అది, నాకు లొంగలేదు. ఒక సొరుగు లాగబోయి దాని మూల చీల్చేశాను. మూడో రోజు పొద్దున్నే ఆయనే వచ్చారు. చీలిన మూల చేత్తో తడిమి చూశారు, నన్ను ఏమీ అనలేదు. టీ తాగి, నోట్‌బుక్ తెమ్మన్నారు. నేను రాసిన అంకెలన్నీ వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివించుకున్నారు. తరవాత ఆయన సొరుగుని ఆయనే ఊడదీసి, బాత్‌రూం కాటా మీద ఆయనే పెట్టారు. పదిన్నర కిలోలు. "అబ్బ" అన్నారు, అంతే.

గోడలు, పైకప్పు ఆరు ఎమ్ఎమ్‌కి మార్చడంలో 62 కిలోలు దిగాయి. సొరుగుల బదులు మార్కెట్లో కూరగాయల వాళ్ళు వాడే ప్లాస్టిక్ ట్రేలు పెట్టాం, అక్కడ ముప్ఫై. వెల్డర్ పైన అడ్డ పైపులు కొన్ని కోసేశాడు, ఇంకో ముప్ఫై. కోస్తున్నంతసేపూ గొణుగుతూనే ఉన్నాడు. ఇన్వర్టర్ బ్యాటరీ 15,500కి కొన్నది పక్కింటివాళ్ళకి 12,000కి ఇచ్చి, 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ 24,000 పెట్టి కొన్నాను. పన్నెండు కిలోలు, ఒక్క చేత్తో ఎత్తొచ్చు. నవంబర్ 17న మళ్ళీ అదే కాటా, అదే కుర్రాడు. 620. అన్నీ సర్దుకున్నా 730 దగ్గర ఆగుతుంది. మేస్త్రి గారికి రెండోసారి కూలి 8,000 ఇచ్చాను, ఆయన ఆరు వేలే తీసుకున్నారు.

వైరింగ్ నా పనే కాబట్టి రెండు పూటల్లో అయిపోతుందనుకున్నాను. ట్రాలీ వెనక లైట్లకి ఎర్త్ విడిగా లాగకుండా, ట్రాలీని తగిలించే ఇనప గుండు మీదుగా బొలెరో బాడీ నుంచి వస్తుందిలే అని వదిలేశాను. గుంతలో పడ్డప్పుడల్లా లైట్లు మిణుక్కుమంటాయి. గ్రీజు రాసిన గుండు, ఊగే జాయింటు, అక్కడ ఎర్త్ ఏం నిలుస్తుంది? షాపుకొచ్చిన కుర్రాళ్ళని ఇదే తప్పుకి తిడుతుంటాను. ఇంకో వైరు లాగాను. పాత జీపు కొక్కెం, వలయం తీసేసి 50 ఎమ్ఎమ్ గుండు కప్లర్ వేయించాను, వలయంతో అయితే ప్రతి బ్రేకుకీ వెనక నుంచి సుత్తి దెబ్బ పడ్డట్టు ఉండేది. కింద రెండు గొలుసులు అడ్డంగా, ఒకదాని మీదుగా ఒకటి. ఇన్సూరెన్స్ ఏజెంటు ట్రాలీ నంబరు బొలెరో పాలసీలోనే చేర్పించాడు.

రివర్స్ సంగతి ఎవరూ చెప్పలేదు నాకు. ట్రాలీ తగిలించి వెనక్కి వెళ్ళడమంటే, స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రాలీ ఎడమకి పోతుంది. మూడు ఆదివారాలు పొద్దున్నే ఖాళీ మైదానంలో నేర్చుకున్నాను. మా ఆవిడ వెనక నిలబడి "రైట్, రైట్... అయ్యో, నా రైట్ అండీ!" క్రికెట్ ఆడే పిల్లలు ఆట ఆపేసి గోడెక్కి కూర్చున్నారు. ఒకసారి ట్రాలీ మడతపడి బొలెరో వెనక లైటు పగిలింది, 900. చివరికి పట్టు దొరికింది ఇలా: స్టీరింగ్ అడుగు భాగాన చెయ్యి పెట్టి, ట్రాలీ ఎటు పోవాలో చేతిని అటు జరపాలి. అంతే. అప్పటినుంచి ఆవిడ రైట్ ఎవరి రైటో అడగక్కర్లేకపోయింది.

మొదటి ప్రయాణం కార్తీక వనభోజనాలకి. నవంబర్ 24 ఆదివారం, తోటపల్లి దగ్గర చుట్టాల తోటలో. రాయగడ నుంచి పార్వతీపురం మీదుగా. ఊరు దాటి రోడ్డు బాగున్నచోట అరవైకి చేరగానే వెనక ఏదో తోక ఊపినట్టయింది. మొదట గాలి అనుకున్నాను. రెండోసారి ఊపు బొలెరోని కూడా అటూ ఇటూ లాగింది. స్టీరింగ్ నా చేతిలో ఉంది గానీ బండి నా చేతిలో లేదు. బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ వదిలేశాను, దానంతటదే నెమ్మదించింది. పక్కకి ఆపి దిగితే కాళ్ళు వణుకుతున్నాయి. మా ఆవిడ నీళ్ళ సీసా ఇచ్చింది, ఏమీ మాట్లాడలేదు.

తప్పు అక్కడే దొరికింది. నీళ్ళ డబ్బాలు రెండూ, గ్యాసు, వనభోజనాల గిన్నెలు, గ్రైండర్‌తో సహా అన్నీ వంటబల్ల ఉన్న వెనక వైపే పెట్టాం. బరువంతా చక్రాలకి వెనక పడి, ముందు గుండు మీద ఏమీ నొక్కడం లేదు. డబ్బాలు, గిన్నెలు తెచ్చి బొలెరోలో పడేశాను, మిగతా దారి నలభై దాటలేదు. ఇంటికొచ్చాక బాత్‌రూం కాటా మీద ఒక దుంగ నిలబెట్టి, దాని మీద కప్లర్ ఆనించి తూచాను. ఆ రోజు సర్దినట్టే సర్ది చూస్తే 22 కిలోలు. మొత్తం బరువులో పదోవంతు నుంచి ఏడోవంతు దాకా ముందు గుండు మీద ఉండాలట. బ్యాటరీని ముందు గోడకి మార్చి, నీళ్ళ డబ్బాలకి అక్కడే కింద అర చేశాను. ఇప్పుడు 75. తోక ఊపడం మళ్ళీ లేదు. ఇంట్లో ఆ బాత్‌రూం కాటా మీద మనుషులు నిలబడింది తక్కువ.

తోటలో రోజంతా బాగా గడిచింది. ఉసిరి చెట్టు కింద భోజనాలయ్యాక పిల్లలంతా పెట్టెలోకి ఎక్కి దిగడమే. దారిన పోయేవాళ్ళు ముగ్గురు వచ్చి టిఫిన్ ఏముందని అడిగారు. వెనక మూత లేపి పొయ్యి వెలిగిస్తే ఎవరికైనా టిఫిన్ బండిలానే కనబడుతుంది, వాళ్ళ తప్పేం లేదు.

రాత్రి అక్కడే పడుకున్నాం. తెల్లవారుజామున నాలుగింటికి నుదుటి మీద చుక్క పడింది. మరో చుక్క. టార్చి వేస్తే పైకప్పంతా ముత్యాలు పొదిగినట్టు నీళ్ళు. గుండె జారిపోయింది. సీలెంట్ ట్యూబులు ఎన్ని పెట్టానో, పైపుతో గంటసేపు నీళ్ళు కొట్టి ఎంత పరీక్ష చేశానో! బయటికొచ్చి చూస్తే ఆకాశం నిండా చుక్కలు, వాన జాడే లేదు. అప్పుడు అర్థమైంది, అది పైనుంచి కారుతున్న నీరు కాదు. చలికి భయపడి కిటికీ సందులు కూడా గుడ్డలతో మూసేసి పడుకున్నాం. ఇద్దరి ఊపిరీ చల్లని పైకప్పుకి తగిలి నీరై దిగింది. ముఖ్యంగా లోపలి పైపులు కనబడే చోట, అక్కడ థర్మాకోల్ లేదు కదా, వరసగా చుక్కలు. పరుపు ఎత్తి చూస్తే దాని అడుగు కూడా చెమ్మ. వాన లీకు కోసం నాలుగు వేలు తగలేసినవాణ్ణి, ఊపిరి సంగతి తలుచుకోలేదు. తరవాత పైన కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి, కింద తలుపు దగ్గర దోమతెర వేసిన రంధ్రం ఒకటి పెట్టాను. పరుపు కింద చెక్క బద్దీలు వేసి గాలి ఆడేలా చేశారు మేస్త్రి గారు. ఎంత చలి వేసినా ఆ ఫ్యాను ఆపం. దుప్పటి ఇంకోటి కప్పుకుంటాం.

సంక్రాంతి అయ్యాక, 2025 జనవరి 18 శనివారం, అసలు ప్రయాణం. లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్, అక్కణ్ణుంచి సెమిలిగుడ వైపు. ట్రాలీకి బ్రేకులు లేవు, ఉన్నవి బొలెరోవే. దిగుళ్ళలో సెకండ్ గేర్ వేసి వదలకుండా దిగాను, వెనక లారీలు హారన్ కొడితే పక్కకి తప్పుకుని దారిచ్చాను. గంటకోసారి ఆపి హబ్ మీద అరచెయ్యి పెట్టి చూడటం అలవాటైంది. వెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి ఆనించలేనంత కాలితే బేరింగు పని పట్టాలి. ఒకచోట ఎడమ హబ్ కుడిదానికంటే వేడిగా అనిపించింది. బేరింగ్ నట్టు మరీ బిగుసుకుని ఉందని అర్థమై, కొంచెం సడలించి మళ్ళీ పిన్ను పెట్టాను. ఇంటి దగ్గరైతే అయిదు నిమిషాల పని. అక్కడ కొండగాలిలో, గ్రీజు చేతులతో, చీకటి పడకముందే అయిపోవాలన్న టెన్షన్‌లో ముప్పావు గంట పట్టింది.

రాత్రి తెలిసినవాళ్ళ పొలంలో ఆపాం. పొద్దున ఫోన్ 8 డిగ్రీలు చూపించింది. లోపల మాత్రం పొడిగా ఉంది. నేను లేవగానే చేసిన మొదటి పని పైకప్పు తడిమి చూడటం. బ్యాటరీ ఛార్జింగ్‌కి పెట్టిన సోలార్ ప్లేటు మీద మంచు పేరుకుని తొమ్మిది దాకా ఏమీ రాలేదు, రాత్రంతా ఫ్యాను, లైటు నడిచినా బ్యాటరీ సగానికి దిగలేదు. దేవమాలి కొండకి ట్రాలీ తీసుకెళ్ళలేదు, అక్కడే వదిలి బొలెరోతో వెళ్ళొచ్చాం. 1672 మీటర్ల ఎత్తు, ఒడిశాలో అంతకంటే ఎత్తైన కొండ లేదు. పైన గాలికి మాట వినబడలేదు. దిగి వచ్చి వంట మొదలెట్టేసరికి బైకు మీద ఇద్దరు ఆగి "చా అచ్ఛి?" (టీ ఉందా?) అన్నారు. మా ఆవిడ కాదనకుండా రెండు గ్లాసులు పోసింది. డబ్బులిస్తే తీసుకోలేదు. "తీసుకుంటే రేపట్నుంచి నిజంగానే కొట్టు అయిపోతుంది" అంది.

చూసినవాళ్ళంతా ఖర్చు అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. లక్షా పది వేలు రాసుకున్నాను, లక్షా తొంభై అయింది. రెండోసారి చేయించడం వల్లే ఇరవై వేల పైన పోయింది. కాయితాలకి 37 రోజులు, పండగలకి, వానకి ఇంకో నెల పోగా, చేతులు కదిలిన రోజులు లెక్కపెడితే రెండు నెలలు ఉంటాయేమో.

జనవరి 20 సాయంత్రం ఇల్లు చేరాం. ట్రాలీ ఇంకా ఊడదీయలేదు, మేస్త్రి గారు వచ్చేశారు. లోపలికి ఎక్కి కాళ్ళు చాపుకుని పడుకుని, గోడ మీద వేలితో కొట్టి చూశారు. "డబ్బాలాగ మోగతంది" అన్నారు, ఇంకా ఆ ఆరు ఎమ్ఎమ్ ఆయనకి మింగుడు పడటం లేదు. కాసేపు పైకప్పు చూస్తూ ఉండి, లేచి కూర్చుని, పరుపు మూల ఎత్తారు.

"బాబూ, ఈ బద్దీల్లో ఒకటి విడిచి ఒకటి తీసీగలం. ఇంకో అయిదు కిలోలు దిగిపోద్ది. కాటా తే."